ఇక్కడ బొమ్మ ఉంది

చూపులేని ఉద్యోగుల కష్టాలు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పూర్తిగా తీరిపోయాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నీటి సరఫరా కార్యాలయంలో, తెర మీది అక్షరాలను పైకి చదివే కంప్యూటరును పెద్దసారు స్వహస్తాలతో, ప్లగ్గు పెట్టకుండానే, ప్రారంభించారు.

అది వచ్చింది గొంతులమ్మ కోసం. ఫిర్యాదుల ఫోను దగ్గర ఆవిడది తాత్కాలిక ఉద్యోగం. అవతలివాళ్ళు "హలో" అంటే చాలు, గొంతును బట్టి ఏ వీధి కుళాయి ఎండిందో చెప్పేస్తుంది కనుక ఆ పేరు. ఇలాంటి కంప్యూటరు చెల్లెలింట్లో చకచకా వాడిన మనిషి. ఇక ఉద్యోగం ఖాయమైనట్టేనని పాపం ఎగిరి గంతేసింది.

"ఈరోజు నుంచి మా కళ్ళే నీ కళ్ళమ్మా!" అన్నారు పెద్దసారు. చప్పట్లు మోగాయి. ఫొటో తీసేటప్పుడు బ్యానరుకు అడ్డొస్తోందని ఆవిడను కాస్త పక్కకు జరిపారు.

చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్లు ఎవరైనా ఎత్తుకుపోతారని బీరువాలో పెట్టి తాళం వేశారు. అవి లేకపోయేసరికి కంప్యూటరు గదంతా వినబడేలా చదివింది. మధ్యాహ్నం కునుకులు చెడుతున్నాయని దాని గొంతు తగ్గించారు. గొంతులమ్మ డబ్బాకు చెవి ఆనించి వింటే, కార్యాలయపు ఆస్తిని కౌగిలించుకోరాదని మెమో వచ్చింది.

ఇంతలో ఉద్యోగం ఖాయం చేసే దరఖాస్తు వచ్చింది. శుక్రవారం అయిదింటిలోగా, ఎవరి సాయమూ లేకుండా నింపాలి. సౌకర్యం కల్పించాక ఇంకా సాయమెందుకండీ! అందులో చిన్న విశేషం ఉంది. దరఖాస్తును అచ్చేసి, ముద్ర కొట్టి, ఫొటో తీసి పంపారు. కంప్యూటరు దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఇక్కడ బొమ్మ ఉంది" అంది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట.

"సార్, ఫొటో అయితే ఇది చదవదు సార్. టైపు చేసిందే పంపించండి, రెండు నిమిషాల పని."

"అవి అక్షరాలే కదమ్మా! నాకు శుభ్రంగా కనిపిస్తున్నాయే!"

"మీకు కనిపిస్తాయి సార్."

పెద్దసారు నొచ్చుకున్నారు. టైపు చేసినదానికి ముద్ర ఉండదు, ముద్ర లేనిదాన్ని తాము ఒప్పుకోమన్నారు. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగింది. శుక్రవారం అయిదు కొట్టింది.

సోమవారం ఆవిడ పేర ఒక ఉత్తర్వు, అదీ ఫొటోగానే, వచ్చింది. "ఇక్కడ బొమ్మ ఉంది" అంది కంప్యూటరు.

"అన్నయ్యా, ఇందులో ఏం రాశారు?" అని పక్క సీటు గుమాస్తాను అడిగింది.

అతను చదివి తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "ఏం లేదమ్మా... బొమ్మే."

టైపిస్టు కూడా వచ్చి చదివింది. "అవును, బొమ్మే."

దాని మీద సంతకం పెట్టిన పెద్దసారు స్వయంగా వచ్చారు. "బొమ్మేనమ్మా. మంచి బొమ్మ."

మూడు గొంతులూ ఒకేలా వణికాయి. గొంతులమ్మకు అది చాలు. ఫోను రిసీవరు తుడిచి పెట్టింది, సంచీ భుజాన వేసుకుంది, కర్ర తడుముకుని లేచింది.

"ఆ బొమ్మలో నేనున్నానా సార్?"

"లేవమ్మా."

ఆ కార్యాలయంలో ఆవిడకు దొరికిన ఒకే ఒక్క నిజమైన జవాబు అది. ప్రారంభోత్సవం ఫొటో అది జరిగిన మర్నాడే అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మీరూ చూసే ఉంటారు, బాగుందని మెచ్చుకునే ఉంటారు. ఆవిడ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. చూపున్నవాళ్ళం కదా!