తడి ఆరని జారుడుబల్ల

పట్టణ ప్రజలకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, కూడలి నడుమ వెలసిన బాలల క్రీడావనం ఒక్క ప్రమాదమైనా లేకుండా తొలి ఏడాది పూర్తి చేసుకుంది. ఆ ఏడాదిలో అక్కడ ఒక్క మోకాలు గీసుకుపోలేదు. ఒక్క పన్ను ఊడలేదు. ఒక్క లాగూ చిరగలేదు. ఇంత సురక్షితమైన క్రీడావనం చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేదని పట్టణ సంఘం అధ్యక్షులవారు వార్షికోత్సవ సభలో ప్రకటించారు. లోపలికి ఒక్క పిల్లను కూడా రానివ్వకపోవడమే దీని రహస్యమని మాత్రం ఆయన చెప్పలేదు. గొప్పవాళ్లు తమ గొప్పలు తామే చెప్పుకోరు.

క్రీడావనం అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. జారుడుబల్లకు ఏనుగు తల, దాని పసుపుపచ్చ తొండమే జారే దారి. పక్కన ఎర్ర ఉయ్యాలలు, నెమలికంఠం రంగు రాట్నం, దాని మీద ఊదారంగు గుర్రాలు. మొత్తం పదకొండు రంగులు. నలభై ఏళ్లుగా ఊళ్లో దుకాణాల బోర్డులు రాసిన పెయింటరు ఒంటిచేత్తో వేసినవి. జీవితమంతా ఊరివాళ్ల పేర్లు పెద్దక్షరాల్లో రాసిన మనిషికి, సొంత మనవరాలు వేలు పెట్టి చూపించి 'ఇది మా తాతయ్య వేశాడు' అని చెప్పుకునే పని అదే మొదటిది. అందుకే ఏనుగు కంటికి రెప్పవెంట్రుకలు కూడా దిద్దాడు.

మనవరాలికి ఆరేళ్లు. గుండ్రంగా ఉంటుందని ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. క్రీడావనం గేటు పక్కన రేకుతో చేసిన జిరాఫీ ఒకటి ఉంది. దాని మెడ మీద ఎర్ర గీత గీసి, 'ఈ గీత దాటిన పిల్లలకు ప్రవేశం లేదు' అని రాసింది కూడా పెయింటరే. గీసిన రోజున బుడంకాయను జిరాఫీ పాదాల దగ్గరున్న పీట మీద నిలబెట్టి చూశాడు. గీతకు నాలుగు వేళ్లు కింద ఉంది. 'బోలెడంత సమయం ఉంది' అనుకుని, 'రంగు తడిగా ఉంది, ముట్టరాదు' అని చిన్న బోర్డు రాసి గేటుకు తగిలించి, కుంచె కడుక్కున్నాడు. పాపం, తడి ఆరడానికి ఎనిమిది గంటలు పడుతుందనే అతను అనుకున్నాడు.

ఇక్కడ పాఠకులు పట్టణ సంఘం వారి ఓ సంస్కరణ గురించి తెలుసుకోవాలి. మా అధికారులు దేనికైనా ఆలస్యం చేస్తారని పూర్వం ఓ అపవాదు ఉండేది. దాన్ని రూపుమాపడానికి 'తక్షణ తనిఖీ నిబంధన' తెచ్చారు. ఏ పనైనా ముగిసిన గంటలోపు తనిఖీ జరిగి తీరాలి. తనిఖీ అధికారి ఆరిందని రాసిస్తేనే తడి బోర్డు తీయాలి.

ఆ ప్రకారం పదింటికి పెయింటరు కుంచె కడిగితే, పదీ నలభైకల్లా తనిఖీ అధికారి దిగారు. ఊళ్లో ఆయన్ని బొటనవేలు సారు అంటారు. కారణం ఆయన పద్ధతి. రంగు ఆరిందో లేదో తెలియాలంటే బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. నొక్కారు. వేలు పసుపైంది, ఏనుగు తొండం మీద వేలిముద్ర పడింది. 'ఆరలేదు' అని రాసుకున్నారు. అంతటితో ఆగితే ఆయనకు ఆ పేరు వచ్చేది కాదు. 'పైగా తొండం మీద ఎవరిదో వేలిముద్ర ఉంది, మళ్లీ రంగు వేయవలెను' అని కూడా రాసి సంతకం చేశారు.

పెయింటరు మళ్లీ వేశాడు. గంటలోపు సారు మళ్లీ వచ్చారు, మళ్లీ నొక్కారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. సారు తొక్కేవారు, పెయింటరు కడిగేవాడు, కడిగిన చోటే సారు మళ్లీ తొక్కేవారు. ఏనుగు అయ్యాక ఉయ్యాలలు, ఉయ్యాలలయ్యాక గుర్రాలు, చివరికి పిల్లలు నిలబడే పీట కూడా సారు వేలికి నోచుకుంది.

ఒకరోజు పెయింటరు ఉండబట్టలేక, "సార్, ఒక్క పూట ఆగి వస్తే అదే ఆరిపోతుంది కదండీ" అన్నాడు.

సారు ముఖం గంటు పెట్టుకున్నారు. "అంటే నన్ను ఆలస్యం చేయమంటావా? ఈ ఆఫీసుకున్న చెడ్డపేరు పోగొట్టడానికి మేమెంత పాటుపడ్డామో తెలుసా నీకు?"

పెయింటరుకు నిజంగానే సిగ్గేసింది.

ఇలా నెలలు గడుస్తుంటే ఊరు మాత్రం నిరాశపడలేదు. ఎప్పుడు చూసినా నిన్నగాక మొన్న వేసినట్టు మెరిసే క్రీడావనం ఎక్కడైనా ఉందా? పెళ్లయిన జంటలు కంచె ముందు నిలబడి ఫొటోలు దిగారు. బామ్మలు మనవళ్లను ఎత్తుకొచ్చి, "అదిగో చూడు నాన్నా, ఉయ్యాల" అని చూపించి, అన్నం తినిపించి తీసుకెళ్లారు. బడివాళ్లు వెనకబడలేదు. వ్యాయామం మాస్టారు నల్లబల్ల మీద జారుడుబల్ల బొమ్మ వేసి, ఎక్కడం, కూర్చోవడం, జారడం, లేవడం అని నాలుగు పాఠాలు చెప్పి పరీక్ష పెట్టారు. బుడంకాయకు ఆ పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి. లేవడంలో నాలుగు మార్కులు పోయాయి. మొదటి బహుమతి కాలికి కట్టు కట్టుకున్న ఓ పిల్లాడికి వచ్చింది. వాడు పాఠం బట్టీ పడుతూ బెంచీ మీద నుంచి పడ్డాడు.

అరవై పూతలు పడ్డాయి. ఉయ్యాల గొలుసులు రంగుతో అతుక్కుపోయి కడ్డీలయ్యాయి. రాట్నం ఇరుసుతో ఏకమై కదలడం మానేసింది. గుర్రాలు ఒళ్లు చేసి ఏనుగు పిల్లల్లా తయారయ్యాయి. ఏనుగు తొండం మాత్రం పూత మీద పూత పడి, ముఖం చూసుకునేంత నున్నగా తేలింది. అంత నున్నటి జారుడుబల్ల మీద ఇంతవరకూ జారింది ఒక్క వాన చినుకే.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడు సొంత తాతే, అయినా విస్తరి ఖాళీ. బుడంకాయ రోజూ బడి నుంచి వస్తూ జిరాఫీ దగ్గర నిలబడేది. మూడు వేళ్లు. రెండు వేళ్లు. ఒక వేలు. ఓ రోజు పెయింటరు చూస్తుండగా, పిల్ల మోకాళ్లు వంచి నడుస్తూ ఇంట్లోకి వచ్చింది.

"ఏమైందే కాళ్లకి?" అంది అమ్మమ్మ కంగారుగా.

"ఏం కాలేదు. పొట్టిగా నడవడం నేర్చుకుంటున్నా. తాతయ్యా, పాలు మానేస్తే పెరగనుగా? ఆ బోర్డు తీసేదాకా మానేస్తా."

 అమ్మమ్మ చేతిలో గరిటతోనే భర్త వైపు తిరిగింది. "విన్నారా? ఊరందరికీ బోర్డులు రాసి పెట్టారు. ఇంట్లో పిల్ల పెరగడానికి భయపడుతోంది. ఏం రంగులండీ ఇవి, ఏం మనిషండీ మీరు!"

 ఆ పూట పెయింటరుకు అన్నం సహించలేదు. నలభై ఏళ్లలో పని చేయకుండా చేశానని చెప్పని మనిషి, మర్నాడు ఆ పని చేశాడు. డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు, పొడి కుంచెను నీళ్లలో ముంచి కడిగాడు, చొక్కాకు కాస్త పసుపు రంగు పూసుకున్నాడు. 'అరవై ఒకటో పూత పూర్తయింది' అని ఆఫీసుకు కబురు పంపాడు.

ముప్పావుగంటలో సారు వచ్చారు, నొక్కారు, వేలు చూసుకున్నారు. శుభ్రంగా ఉంది. ఇంకో వేలు పెట్టారు. అరచేయి ఆనించారు. అటూ ఇటూ చూసి చెంప కూడా ఆనించారు. సారుకు చెమటలు పట్టాయి. తనిఖీ కాగితంలో 'వేలికి అంటిన రంగు' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలితే పని ఎగ్గొట్టానంటారు. ఇక బరువంతా వేసి చూడటమొక్కటే దారని, మెట్లెక్కి, తెల్ల ప్యాంటు సర్దుకుని, హుందాగా ఏనుగు నెత్తిన కూర్చున్నారు.

అరవై పూతల నునుపు హోదా ఎరగదు. సారు జర్రున జారి, దస్త్రంతో సహా ఇసుకలో పడ్డారు. కాసేపు కదల్లేదు. పెయింటరు పరుగెత్తి వెళ్లాడు. సారు ముఖంలో ఏదో వెలుగు. చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసుకుని మెల్లగా అన్నారు: "ఒక్కసారికే నిర్ధారణకు రాకూడదు. ఇంకోసారి చూడాలి."

పదకొండుసార్లు చూశారు. పన్నెండోసారి కెవ్వున అరిచారు కూడా. ఆ అరుపుకు ఇంజనీరు వచ్చారు, దృఢత్వం పరీక్షించాలని ఎక్కారు. ఆరోగ్యాధికారి వచ్చి గాలి పరీక్షకని ఎక్కారు. సాయంత్రానికి అధ్యక్షులవారే వేంచేసి, ఏనుగు నెత్తి మీద నుంచి ఉపన్యసించారు. "ప్రజాసేవలో ఎత్తులు చూశాం, పల్లాలు చూశాం. రెంటినీ ఒకే నిమిషంలో చూసే భాగ్యం..." అక్కడితో కాలు పట్టు తప్పి మిగతా ఉపన్యాసం కిందికి వచ్చాక ముగించారు. ఆరినట్టు ధ్రువపత్రం వచ్చింది. తడి బోర్డు దిగింది.

పెయింటరు ఇంటికి పరుగు తీసి బుడంకాయను ఎత్తుకొచ్చాడు. జిరాఫీ దగ్గర పీటెక్కి ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. గేటు కాపలాదారు వంగి చూసి, తల గోక్కున్నాడు. "ఒక వేలు దాటిందయ్యా. బోర్డు చెప్పాక నేనేం చేసేది?"

"మరి ఆరడుగుల మనుషులు జారుతున్నారే!" అన్నాడు పెయింటరు ఏనుగు వైపు చెయ్యి చూపిస్తూ.

మళ్లీ ఏనుగు నెత్తికెక్కిన అధ్యక్షులవారు పై నుంచి చిరునవ్వు నవ్వారు. "గీత దాటిన పిల్లలకు ప్రవేశం లేదని రాసుంది. మేం పిల్లలమా? నువ్వు రాసిందేగా, చదువుకోవయ్యా."

బుడంకాయ ఏడవలేదు. పీట దిగకుండా కాళ్ల వంక చూసుకుంటోంది. పెయింటరు కూడా అటే చూశాడు. అప్పుడర్థమైంది. పీట మీదా పూతలు పడ్డాయి కదా, అది వేలెడు మందం లేచింది. ఆ దాటిన వేలు పిల్లది కాదు, తన రంగుది! ఏడాదిగా తన చేత్తోనే మనవరాల్ని పైకి ఎత్తి ఎత్తి గీత దాటించాడు.

కుంచె తీశాడు. పాత గీత చెరిపేసి, జానెడు పైన కొత్త గీత గీశాడు. దించిన తడి బోర్డును మళ్లీ గేటుకు తగిలించాడు. కాపలాదారు ధర్మాత్ముడు, బోర్డు అంటే బోర్డే. జారబోతున్న ఆరోగ్యాధికారిని చెయ్యి పట్టుకుని దింపేశాడు.

పట్టణ సంఘమంతా గగ్గోలు పెట్టింది. "ఎంతసేపు?" అని గద్దించారు అధ్యక్షులవారు.

"సారు వచ్చి వేలు పెట్టేదాకానండి. తర్వాత నేను మళ్లీ రంగు వేసేదాకా" అన్నాడు పెయింటరు వినయంగా.

అందరూ బొటనవేలు సారు వైపు చూశారు. సారు వేలిని పిడికిట్లో దాచుకున్నారు. ఏడాదిపాటు ఏ కాగితానికీ తట్టని ఆలోచన ఆ క్షణంలో ఆయనకు తట్టింది. "రేపు పొద్దున దాకా ఎవరూ ముట్టుకోకుండా ఆరనిస్తే పోలా?"

చప్పట్లు మోగిపోయాయి. 'ఆరనిచ్చే నిబంధన' అక్కడికక్కడే ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దాన్ని కనిపెట్టినందుకు సారుకు శాలువా కప్పారు.

మర్నాడు సూర్యుడితోపాటు తాతా మనవరాలూ కూడలికి వెళ్లారు. కొత్త గీత ఆరింది, గేటు తెరిచే ఉంది. గేటు నుంచి గడియారస్తంభం దాకా వరుస కూడా ఉంది. అందరూ పెద్దవాళ్లే. పెయింటరు ఒక్కొక్కరినీ బతిమాలాడు. "చిన్నపిల్ల, ముందుకు పోనివ్వండి బాబూ."

"మా చిన్నప్పుడు మాకెవరు పోనిచ్చారు? అప్పుడు ఇది కట్టనే లేదు. ముందు మమ్మల్ని జారనివ్వండి" అన్నారొకరు. న్యాయమే అని వరుసంతా తలూపింది.

కాబట్టి ఇప్పుడు క్రీడావనం దిగ్విజయంగా నడుస్తోంది. జారినవాళ్లు జారినట్టే వచ్చి మళ్లీ వరుసలో చేరుతున్నారు. పెయింటరు మూడు నెలలకోసారి గీతను పైకి జరుపుతున్నాడు. జిరాఫీ మెడ ఇంకా కొంత మిగిలింది.

ఇంతకూ నిన్న సాయంత్రం తమరూ ఆ వరుసలో ఉన్నారు. ముందు నుంచి పదమూడోవారు. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగితే, తిరిగైనా చూడకుండా విదిలించుకున్నారే, ఆ చెయ్యి బుడంకాయది.