రాయి తీస్తే కదిలే ట్రాక్టరు

తెల్లవారుతూనే సోమన్న చేనికి పోయి గుప్పెడు మన్ను పిసికి చూశాడు. ముద్ద కట్టింది, వేళ్లకు అంటుకోలేదు. విత్తడానికి మంచి పదును. ఎండ కాసిందంటే రేపటికి మించి నిలవదు.

ఆ మూడెకరాలు ఆయన భార్య సరస్వతమ్మవి. సోమన్న బి.కాం. చదివి పత్తి మిల్లులో లెక్కలు రాసి రిటైరైన మనిషి. సేద్యమంతా ఆమె చూసుకునేది, ఆయన సద్దిగిన్నె మోసేవాడు. ఆమె చనిపోయిన ఏడాది పెద్ద ట్రాక్టర్లవాళ్లు, "మూడెకరాలకు యాడొస్తాం సార్, రేపు సూద్దాం" అంటూండగానే పదును ఆరిపోయి చేను బీడు పడింది. ఆ దారిన పోవలసి వచ్చినప్పుడల్లా సోమన్న తల పక్కకు తిప్పుకుని నడిచాడు. ఈసారి అలా కాకూడదని ఆదోనిలో ఒక పాత చిన్న ట్రాక్టరు బేరం చేసుకున్నాడు. పొద్దున్నే బస్సులో పోవడం, మధ్యాహ్నానికి ట్రాక్టరు మీద తమ ఊరు ఎమ్మిగనూరు చేరడం, సాయంత్రంలోగా కొర్ర, కంది విత్తేయడం. అంతే.

తోడుకు పక్కింటి ప్రభుదాసును పిలుచుకున్నాడు. ప్రభుదాసు చాలా కాలం లారీ తోలినవాడు. లోకంలో మనుషులు రెండు రకాలని, మోసం చేసినవాళ్లు, ఇంకా చేయనివాళ్లు అని అతని నమ్మకం.

వాళ్లు వచ్చేసరికి ట్రాక్టరు అమ్మే మారెప్ప కళ్లజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. అది ఆయన నుదుటి మీదే ఉంది. సోమన్న మెల్లగా చెప్పాడు.

"మంచోనివప్పా నువ్వు. మా ఇంట్లో అయితే సెప్పరు, సూసి నవ్వుతారు" అన్నాడు మారెప్ప.

ఇంటి ముందు వీధి ఏటవాలుగా ఉంది. నీలం రంగు ట్రాక్టరు ముందు చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టి ఉంది. వెనక విత్తనాలు వేసే ఇనుప గొర్రు కూడా మారెప్ప బేరంలో కలిపి ఇచ్చాడు. ప్రభుదాసు టెంకాయ, నిమ్మకాయలు తేవడానికి పోయినప్పుడు మారెప్ప సీటెక్కి, "ఆ రాయి తియ్యప్పా" అన్నాడు. సోమన్న తీశాడు. ట్రాక్టరు నాలుగడుగులు దొర్లి దానంతటదే డుగుడుగుమంది. తాళం తిప్పే పని కూడా లేదు. ఎంత నిరాడంబరమైన బండి అని సోమన్న ముచ్చటపడ్డాడు.

బయలుదేరుతుండగా మారెప్పకు ఫోన్ వచ్చింది. "లేదప్పా, అమ్మేసినా. ఇప్పుడే పోతాండారు... అట్లనా... అయ్యో, ముందే అడగల్ల కదప్పా" అంటూ ఆయన కంగారుగా ఇంట్లోకి పోయాడు.

"విన్నారా సార్? ఎవరో ఎక్కువిస్తామన్నారు. ఈ మనిషి మాట తిప్పుతాడు" అన్నాడు ప్రభుదాసు, గేరు మారుస్తూ.

"దుడ్లు ఇచ్చేసినాం కదప్పా."

"ఇస్తే ఏమి? మన ఇంటి ముందర నిమ్మకాయలు తొక్కించి టెంకాయ కొట్టేదాకా బండి మనది కాదు. నేనెన్ని సూసినా."

ఆదోని దాటాక సోమన్న జేబులో ఫోన్ మోగింది. మారెప్ప.

"ఎత్తొద్దు సార్. మీరు ఎత్తితే సరేనంటారు. మీ గొంతుకు వేరే మాట రాదు."

అది నిజమే కాబట్టి సోమన్న ఎత్తలేదు. ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. సగం దారిలో ప్రభుదాసు వెనక్కి చూసి, "వస్తాండాడు" అన్నాడు. దూరాన మోపెడ్ మీద మారెప్ప చెయ్యి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఇంజిన్ మోతలో ఒక్క ముక్కా వినిపించలేదు. మడ్‌గార్డు మీద కూర్చున్న సోమన్న మర్యాద కొద్దీ తిరిగి చెయ్యి ఊపాడు.

"ఊపొద్దు సార్" అని ప్రభుదాసు బండిని పక్కనున్న బండ్లదారిలోకి తిప్పాడు. నల్లరేగడిలో మోపెడ్ రాదని అతని ఎత్తు. మోపెడ్ రాలేదు. ట్రాక్టరు ఒక గట్టును తెంపుకుని, నీళ్లు నిలిచిన పల్లంలోకి దిగి, ఇరుసు దాకా కూరుకుపోయి, ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

గట్టు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు విత్తనాల మూటలతో కూర్చుని ఉన్నారు. చేను గలావిడ, బసమ్మ, లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏమప్పా, మీకు రోడ్డు సాల్లేదా?"

"తరుముతాండారమ్మా" అన్నాడు సోమన్న.

"ఎవరు, పోలీసులా?"

"కాదు. ట్రాక్టరు అమ్మినాయప్ప."

బసమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "దుడ్లు ఇయ్యలేదా?"

"అంతా ఇచ్చినాం."

"మల్ల ఎందుకు ఉరికినారు?"

ఆ ప్రశ్న వాళ్లిద్దరూ ఆ రోజంతా వేసుకోలేదు. ప్రభుదాసు జవాబు తప్పించుకోవడానికి బ్యాటరీ పెట్టె మూత తెరిచాడు. లోపల ఒక పాత గుడ్డ తప్ప ఏమీ లేదు.

"సూసినారా సార్? నేను సెప్పలేదా? సెల్ఫు కొట్టి సూసినారా మీరు?"

"రాయి తీస్తే స్టార్టయ్యింది కదా" అన్నాడు సోమన్న చిన్న గొంతుతో. ఎండ ఎక్కుతోంది. తన చేనులో ఆరిపోతున్న మన్ను వేళ్ల మధ్య తెలుస్తున్నట్టే ఉంది.

అప్పుడు బండ్లదారిలో ఒక మనిషి కనిపించాడు. మోకాళ్ల దాకా బురద, నెత్తిన చుట్టిన తువ్వాలు, తువ్వాలు మీద బ్యాటరీ.

"ఫోనెత్తరేమప్పా?" మారెప్ప ఆయాసపడుతూ వచ్చి దాన్ని గట్టు మీద దించాడు. "పొద్దున చార్జింగుకిచ్చి మరిసిపోయినా. ఆ ఫోన్ చేసినాయప్ప బ్యాటరీ ఎట్లుందని అడిగినాడు సూడు, అప్పుడు మతికొచ్చింది."

ప్రభుదాసు నిమ్మకాయల సంచిలోకి చూస్తూ ఉండిపోయాడు. బసమ్మ ముందుగా నవ్వింది. తర్వాత చెంబుతో నీళ్లిచ్చింది, మొదట మారెప్పకు.

బ్యాటరీ బిగించాక మారెప్ప జేబులు తడుముకున్నాడు. రెండోసారి తడుముకున్నాడు. "తాళం ఇంట్లోనే ఉండిపాయ" అన్నాడు.

దాంతో అందరూ కొంగులు, లుంగీలు ఎగదోపుకుని తోశారు. ట్రాక్టరు పల్లంలోంచి లేచి, గట్టినేల మీదికి వచ్చి, డుగుడుగుమంది.

"యాడికప్పా?" బసమ్మ అడ్డం నిలబడింది. "నా గట్టు ఎవరు కడతారు? ఎద్దులాయప్ప వస్తానని పొద్దున నుంచి ఫోనెత్తల్యా. ఎకరన్నరకి ఎవరూ రారు. విత్తి పో."

ఎత్తని ఫోన్ మాట వినగానే సోమన్నకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. ప్రభుదాసు తోలాడు. గొర్రు వెంట నడుస్తూ ఆడవాళ్లు దాని మీది గిన్నెలోకి విత్తనాలు వదిలారు. గట్టు మీంచి అది చూస్తుంటే సోమన్నకు ఒక సంగతి తట్టింది. ట్రాక్టరు కొన్నాడు, విత్తనాలు కొన్నాడు. వెనక నడిచేదెవరు? ఆ పని సరస్వతమ్మే మనుషులను పిలిచి చేయించేది. తాను నేరుగా ఇల్లు చేరి ఉంటే, ఒట్టి గొర్రుతో చేనంతా గీతలు గీసుకుని ఉండేవాడు.

ఆయన మొహం చూసి బసమ్మ అడిగింది. "మీ చేనికి మనుషులున్నారా అన్నా?"

"లేరమ్మా."

"రేపు పొద్దున మేమొస్తాం. తోసేదానికి కూడా కావల్ల కదా."

మర్నాడు ఎండ ఎక్కలేదు. మబ్బు పట్టి పదును అలాగే నిలిచింది. ఇంటి ముందు నిమ్మకాయలు తొక్కించి, టెంకాయ కొట్టి, బసమ్మ వాళ్లు తోస్తే బండి కదిలింది. రెండేళ్ల తర్వాత సరస్వతమ్మ చేనులో సాళ్లు పడ్డాయి. సోమన్న తల తిప్పుకోకుండా చివరి సాలు దాకా చూశాడు.

అప్పుడే రోడ్డు మీద మోపెడ్ కనిపించింది. మారెప్ప తాళంచెవి పైకెత్తి ఊపుతున్నాడు. ప్రభుదాసు కాలు, అలవాటు కొద్దీ, ఆక్సిలరేటర్ మీదికి పోయింది.