బట్టమేక పిట్టకు ఫొటో తీసిన కమిటీ

పెద్ద అడవే అది. ఎంత పెద్దదంటే, ఒక చివర వాన పడితే అది నిజంగా పడిందో లేదో తేల్చడానికి రెండో చివర కమిటీ వేసేవాళ్లు. కమిటీ తేల్చేలోపు వాన వెలిసిపోయేది. అయినా ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు, ఎందుకంటే అందరూ ఏదో ఒక కమిటీలో ఉండేవాళ్లు.

ఏ కమిటీలోనూ లేనిది సుంకులమ్మ ఒక్కతే. ఆమె బట్టమేక పిట్ట. అడవి అంచున ఉన్న గడ్డిమైదానంలో కాపురం. పొడుగు కాళ్లు, పొడుగు మెడ, నెత్తి మీద నల్ల టోపీ పెట్టుకున్నట్టు ఈకలు. ఆ జాతి పిట్టలకు చెట్టెక్కే అలవాటు లేదు, గూడు కట్టే ఓపికా లేదు. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, అదీ నేల మీదే. ఆ ఏడు కూడా ఆమె గుడ్డు పెట్టుకుని, దాన్ని పొదుగుతూ, అందిన మిడతను తింటూ తన మానాన తాను ఉంటే, అడవిపంది వరహాలు సింహరాజుకు అర్జీ పెట్టుకున్నాడు.

"గడ్డిమైదానం ఊరికే పడి ఉంది మహారాజా. మాకు రాసిస్తే మా వాళ్లు తవ్వుకుని నాలుగు దుంపలు తింటారు."

"అక్కడ బట్టమేక పిట్ట ఉండాలి కదా?" అన్నాడు సింహరాజు ఆవులిస్తూ.

"ఉండేదట మహారాజా. మా తాతగారు చెబుతుండేవారు. ఇప్పుడు లేదు."

ఈ కబురు చెవినపడగానే సుంకులమ్మ గుండె జారిపోయింది. పందులు మైదానంలోకి దిగితే నేలంతా తిరగేసి పోస్తాయి, ఇక నేల మీది గుడ్డు ఎక్కడ మిగులుతుంది? ఆమె గుడ్డు మీద నాలుగు గడ్డిపోచలు కప్పి, ఎండ కాస్తుంది కదా కాసేపు చల్లబడదులే అని ధైర్యం చెప్పుకుని, దర్బారుకు ఒకటే పరుగు తీసింది.

"మారాజా, నేనుండా గదా! ఇదో, నీ ముందరే నిలబడుండా."

సింహరాజు ఆమెను కింది నుంచి పై దాకా చూసి, మంత్రి ఏనుగు గజపతిరాయుడి వైపు తిరిగాడు. గజపతిరాయుడికి ఏ ప్రశ్న వేసినా చెవులు రెండుసార్లు ఊపి గానీ జవాబు చెప్పే అలవాటు లేదు.

"ఉండటం వేరు, ఉన్నట్టు రుజువు ఉండటం వేరు మహారాజా," అన్నాడాయన. "పొరుగడవిలో ప్రతి జంతువుకూ ఫొటో ఉంది. ఫొటో ఉంటేనే ఉన్నట్టు. మనకు కెమెరాయే లేదు. అంచేత ఒక కెమెరా కొని, ఈమెను ఆ మైదానంలోనే, గుడ్డుతో సహా ఫొటో తీస్తే రుజువు దొరుకుతుంది. ఇక్కడ తీస్తే చుట్టపుచూపుగా వచ్చిన పిట్ట అంటారు."

"నా మొగం చూస్తాండారు, నాతో మాట్లాడతాండారు, ఇంగ రుజువేంది సామీ?"

"మాట్లాడటం మర్యాద కోసం అమ్మా. దాన్ని రుజువు కింద జమకట్టడానికి లేదు."

అలా కెమెరా కొనుగోలు కమిటీ పుట్టింది. అధ్యక్షుడు గజపతిరాయుడు. నిపుణుడిగా గుడ్లగూబ పేరిశాస్త్రిని వేశారు. ఆయన కెమెరాల మీద లోకంలో ఎవరేం రాసినా చదివేశాడు గానీ, ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ శ్రద్ధ ఉన్నవాడని మూడో సభ్యుడిగా వరహాలునే వేశారు. సింహరాజు ఖజానాలోంచి కొన్ని బుట్టల ఇప్పపువ్వు మంజూరు చేసి, పున్నమిలోగా ఫొటో రాకపోతే మైదానం వరహాలుకే రాసిస్తానని తేల్చేశాడు.

ఆ అడవిలో కెమెరాలు దొరికేది నక్క జంబులయ్య కొట్లోనే. అడవి చూడటానికి వచ్చిన మనుషులు మరిచిపోయిన సామాను, జంబులయ్య దగ్గరుండి మరిచిపోయేలా చేసిన సామాను అక్కడ అమ్మకానికి ఉండేవి. కమిటీ వెళ్లేసరికి అతను లెన్సు ఒకటి తోకతో తుడుస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఏం తీయాలండీ?" అని అడిగాడు.

కమిటీ మొహమొహాలు చూసుకుంది. అంతవరకూ వాళ్లకు ఆ ప్రశ్న తట్టలేదు.

"పిట్టను," అన్నాడు చివరికి గజపతిరాయుడు. "గుడ్డు మీద కూర్చున్న పిట్టను. గుడ్డు దగ్గరికి నా కాళ్లు తీసుకురావద్దని ఆమె మరీమరీ చెప్పింది. దూరం నుంచి తీయాలి."

"అయితే మీకు కావాల్సింది పొడుగు లెన్సు. బాడీ, అంటే కెమెరా డబ్బా, ఏదైనా ఒకటే." జంబులయ్య అరలోంచి ఒక పాత కెమెరా తీశాడు. "ఇదుగో, ఒక మూల గీసుకుపోయింది గానీ లోపల భేషుగ్గా ఉంది. దీనికి ఈ లెన్సు తగిలించండి, మీ ఇప్పపువ్వుకు రెండూ వచ్చేస్తాయి. మొదటి కెమెరాకు ఇంతకన్నా అక్కర్లేదు. బాడీలు ఏడాది తిరిగేసరికి పాతబడతాయి, మంచి లెన్సు మీ మనవల కాలం దాకా పనికొస్తుంది."

పాపం, జంబులయ్య ఆ పూట నిజమే చెప్పాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు. అతని వంశంలో అంతకుముందు ఎవరూ చేయని పని కాబట్టి కమిటీకి వెంటనే అనుమానం వచ్చింది.

"నక్క చవక సరుకు కొనమంటున్నాడంటే ఏదో మెలిక ఉంది," అన్నాడు వరహాలు చాటుగా. అతనికి మెలిక లేదని బాగా తెలుసు. ఆ లెన్సు కొంటే ఫొటో వస్తుంది, ఫొటో వస్తే దుంపలు పోతాయి. "అయినా రాజుగారి అడవికి గీతలు పడ్డ కెమెరానా? పొరుగడవి వాళ్లు చూస్తే మన పరువేం కాను?"

"పైగా ఇందులో వెలుతురు పట్టే సెన్సరు చిన్నది," అన్నాడు పేరిశాస్త్రి పగటి నిద్రలోంచి ఒక కన్ను తెరిచి. "పెద్ద సెన్సరు ఉన్న బాడీ అయితే చీకట్లో కూడా చిన్న నలక కూడా లేకుండా తీస్తుంది."

"పట్టపగలు తీసే ఫొటోకు చీకటితో పనేముందండీ?" అన్నాడు జంబులయ్య.

"పగలు ఫొటో తీయడమేమిటి?" అని శాస్త్రిగారు నిజంగానే ఆశ్చర్యపోయి మళ్లీ నిద్రపోయారు.

గజపతిరాయుడు ఆ పాత కెమెరాను తొండంతో పట్టుకుని చూశాడు. తొండం చివర అది రేగుపండులా ఉంది. ఆయనకు మనసొప్పలేదు. హోదాకు తగ్గ వస్తువు చూపించమన్నాడు. జంబులయ్య నిట్టూర్చి, లోపల్నుంచి నల్లగా, దుక్కలా ఉన్న పెద్ద కెమెరా తెచ్చి పెట్టాడు. దాన్ని చూడగానే గజపతిరాయుడి చెవులు వాటంతటవే ఊగాయి.

అయినా కమిటీ అన్నాక అప్పటికప్పుడు కొనదు కదా. వచ్చే నెల ఇంతకన్నా మంచిది రాబోతోందని శాస్త్రిగారు ఎక్కడో చదివారు. దాని కోసం ఆగాలా, ఆగితే దాని తర్వాత వచ్చేదాని కోసం ఆగకూడదా అని రోజూ సమావేశాలు, సమావేశం తర్వాత చెరుకుగడలు. చంద్రుడు ఒకవైపు పెరుగుతూనే ఉన్నాడు. ఎండ బాగా కాసే వేళ చూసుకుని, గుడ్డు మీద గడ్డి కప్పి సుంకులమ్మ ఒకరోజు సమావేశానికి వచ్చింది.

"సామీ, నాకు పెద్ద కెమెరా వొద్దు, చిన్న కెమెరా వొద్దు. నేను కనపడితే చాలు. ఆ నక్క సెప్పిందే కొనండి, మీ కాళ్లు మొక్కుతా."

"తొందరపడకూడదమ్మా," అన్నాడు వరహాలు ఎంతో ఆప్యాయంగా. "నీ ఫొటో కదా, ఉన్నంతలో గొప్పగా రావద్దూ?"

ఆ గొంతులోని తీపికి సుంకులమ్మకు ఒళ్లు మండిపోయింది. కానీ కోపం చూపిస్తే ఫొటోలో తన మొహం అలాగే వస్తుందేమోనని దిగమింగుకుని వెళ్లిపోయింది.

చివరికి పున్నమి ముందురోజు కమిటీ ఆ దుక్కలాంటి కెమెరాయే కొంది. ఉన్న ఇప్పపువ్వంతా దానికే సరిపోయింది, బుట్టలు కూడా జంబులయ్యే ఉంచేసుకున్నాడు.

"మరి లెన్సు?" అన్నాడతను.

"అది ఇందులోనే ఉండదా?" అన్నాడు గజపతిరాయుడు.

"అది దీనికి ముందు విడిగా తగిలించే గొట్టమండీ. అందులో గాజు ఉంటుంది. అది లేకపోతే దీనికి చూపు లేనట్టే."

గజపతిరాయుడు కంగారుపడ్డాడు. వరహాలు మాత్రం ఇలాంటి సమయం కోసమే కాచుకుని ఉన్నాడు.

"మహారాజు మనల్ని కొనమన్నది కెమెరా. లెన్సు అనే మాట వారి నోట వచ్చిందా? గాజు సామాను కొనాలంటే గాజు సామాను కమిటీ వేరే వేయాలి. మనం కొంటే అధికారం మీరినట్టు అవుతుంది."

అధికారం మీరడమనే మాట వింటే గజపతిరాయుడికి చెమటలు పడతాయి. "శాస్త్రిగారూ, మీరేమంటారు?"

"కెమెరా వేరు, లెన్సు వేరు. ఏ పుస్తకంలో చూసినా రెంటికీ వేర్వేరు అధ్యాయాలే," అన్నారు శాస్త్రిగారు. ఆ మాట నిజమే.

జంబులయ్య ఇక వాదించలేదు. లెన్సు లేకపోయినా మీట నొక్కితే టక్కుమనేలా కెమెరాను సర్ది ఇచ్చాడు. నిజం చెప్పి చూశాడు, ఫలితం లేదు, మళ్లీ తన వృత్తిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కమిటీ మైదానానికి వచ్చింది. సుంకులమ్మ అంతకుముందే ఈకలన్నీ దువ్వుకుని, గుడ్డు కాస్త కనబడేలా పక్కకు ఒదిగి కూర్చుంది. మెడ నిటారుగా పెట్టింది. తన బిడ్డ బతుకు ఆ ఒక్క టక్కులో ఉందని ఆమెకు తెలుసు, అందుకని ఊపిరి కూడా బిగబట్టింది. గజపతిరాయుడు దూరం నుంచి కెమెరా ఎత్తి మీట నొక్కాడు. కెమెరా వెనకాల ఉన్న అద్దంలో ఫొటో పడింది.

ఫొటో నిండా మజ్జిగ పోసినట్టు తెలుపు. గడ్డి లేదు, ఆకాశం లేదు, పిట్టా లేదు.

"ఆహా," అన్నారు శాస్త్రిగారు. "ఒక్క నలక ఉందేమో చూడండి! పెద్ద సెన్సరంటే ఇదీ."

"పిట్ట కనబడదేం?" అన్నాడు గజపతిరాయుడు గొణుగుతూ.

"ఉంటే కదా కనబడటానికి," అన్నాడు వరహాలు. "ఇంత గొప్ప కెమెరాకే దొరకలేదంటే పిట్ట లేదనే అర్థం."

గజపతిరాయుడికి ఆ వాదన నచ్చింది. కెమెరా తప్పని ఒప్పుకుంటే కొన్నవాడిది తప్పు అవుతుంది, పిట్ట లేదంటే ఎవరి తప్పూ ఉండదు. పనిలో పనిగా, శ్రమపడి వచ్చినందుకు భత్యం అడగాలి కదా, దానికి రుజువుగా ముగ్గురూ మైదానంలో వరసగా నిలబడితే గజపతిరాయుడు తొండం చాచి ఒక గ్రూపు ఫొటో కూడా తీశాడు. తీశాక దాని వంక ఎవరూ చూడలేదు. తమ మొహాలు ఎలా ఉంటాయో ముగ్గురికీ తెలిసిందే.

ఆ సాయంత్రం దర్బారులో గజపతిరాయుడు మొదటి ఫొటో చూపించి, పిట్ట లేదని నివేదించాడు. సుంకులమ్మ కూడా వెనకాలే వచ్చింది. రేపు పొద్దున పందులు దిగుతాయి. ఆమె ఇక భయం వదిలేసి ముందుకు వచ్చింది.

"మారాజా, నేను లేనంటే లేను, సరే. ఆ రెండో ఫొటో గూడా సూడు సామీ."

సింహరాజు రెండో ఫొటో చూశాడు. అదీ మజ్జిగే.

"ఇందులో ఎవరున్నారు?"

"మేమే మహారాజా," అన్నాడు గజపతిరాయుడు. "నేను, శాస్త్రిగారు, వరహాలు. భత్యం తాలూకు ఫొటో అది."

"యాడుండారు?" అంది సుంకులమ్మ. "నాకేం కనపడడంల్యా. నాకు పట్టిన గతే వాళ్లకూ పట్టింది, పాపం."

సింహరాజు ఆవులింత మధ్యలో ఆగిపోయింది. ఆయన బద్ధకస్తుడే కాదు, పిసినారి కూడా. ఖజానాలోంచి ఇవ్వాల్సిన భత్యాలు, చెరుకుగడలు ఆయన కళ్ల ముందు ఒకసారి కదిలాయి. ముఖం వెలిగిపోయింది.

"ఫొటోలో లేనివాళ్లు అడవిలో లేనట్టే. ఇది మన మంత్రిగారు పెట్టిన నియమమే. లేని కమిటీకి భత్యం ఇవ్వడానికి లేదు. లేని పందికి మైదానం రాసివ్వడానికీ లేదు."

"మహారాజా, నేను ఇక్కడే ఉన్నాను!" అని వరహాలు గుర్రుమన్నాడు.

"ఎవరో మాట్లాడుతున్నట్టుందే," అన్నాడు సింహరాజు అతని తల మీదుగా చూస్తూ. గజపతిరాయుడు చెవులు ఊపాడు గానీ ఈసారి ఆయన మాట కోసం ఎవరూ ఆగలేదు. శాస్త్రిగారు అప్పటికే నిద్రలో ఉండటం వల్ల తాను లేకుండా పోయిన సంగతి ఆయనకు చాలా రోజుల దాకా తెలియలేదు.

"మరి నేనో సామీ?" అంది సుంకులమ్మ భయంభయంగా. "నేనూ లేను గదా. నన్ను ఎల్లగొడతారా?"

సింహరాజు చాలాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించడం ఆయనకు ఆ ఏడాదిలో అదే మొదలు.

"లేని పిట్టను ఖాళీ చేయించడం ఎలా కుదురుతుంది?" అన్నాడు. "ఇంటికి పో."

ఆమె ఒక్క పరుగున మైదానం చేరింది. గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది. దాని మీద కూర్చుని, ఎవరూ చూడటం లేదు కదా అని, తనివితీరా ఏడ్చింది. వానలు పడ్డాక పిల్ల బయటికొచ్చింది, కాళ్లు రెండూ తల్లి పోలికే. దాన్ని లెక్కలో రాసుకోవడానికి ఆ వైపు ఎవరూ రాలేదు, రావడానికి కమిటీ కూడా లేదు.

నీతి: కెమెరా కొనేటప్పుడు ఉన్న సొమ్మంతా బాడీకే పోసేయాలి, లేకపోతే ఫొటోలో ఎవరో ఒకరు కనబడే ప్రమాదం ఉంది.