మాస్టారికి ఎక్కువ సమయం లేదు

ఆ రోజు ఉదయం ఏడున్నరకే టైలరు మాస్టారు కుట్టు బల్ల మీద తెల్లకాగితం పరిచి, స్కేలు పెట్టి గీతలు గీసి, గుడ్డను కొలిచినట్టు తన రోజును కొలిచి ముక్కలు చేశారు. ఎనిమిది నుంచి పదిన్నర దాకా కాజాలు. పదిన్నర నుంచి రెండు దాకా పక్క కుట్లు. రెండు నుంచి నాలుగు దాకా గుండీలు. నాలుగింటికి ఇస్త్రీ. అయిదున్నరకు అప్పగింత. గీతలన్నీ తిన్నగా వచ్చాయి. చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది.

ముప్పై ఏళ్ళలో ఆయన కుట్టుకు వంక పెట్టినవాళ్ళు లేరు. వంకంతా టైము మీదే. ఎవరేమడిగినా "ఒక్క అరగంట" అనడం వల్ల వీధిలో ఆయనకు అరగంట మాస్టారనే పేరు స్థిరపడిపోయింది. లోపం చేతుల్లో లేదు, నోట్లో ఉంది. ఊడిన గుండీ కుట్టించుకోవడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, వాడి మేనత్త మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళి గాని వదలరు. ఈలోగా గుండీ ఎక్కడో పడిపోయేది. ఇద్దరూ కలిసి దాన్ని వెతికేవారు.

అయితే ఈసారి వ్యవహారం వేరు. సంగీతం టీచరమ్మ దగ్గర ఇరవై ఇద్దరు పెద్దవాళ్ళు పాట నేర్చుకుంటున్నారు. అందరూ ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్ళే. ఆ సాయంత్రం ఆరింటికి మొదటిసారి వేదిక ఎక్కబోతున్నారు. అందరికీ ముదురు నీలం రంగు, చేతుల్లేని కోట్లు కావాలి. గుడ్డ ఇచ్చి నెలయింది. కత్తిరింపులైతే అయ్యాయి. ముందు రోజు టీచరమ్మ వచ్చి ఆ కట్టలు చూసింది. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"మాస్టారూ, వీళ్ళలో అందరికంటే చిన్నావిడకి అరవై రెండేళ్ళు. వచ్చే ఏడాది పాడదాంలే అని చెప్పే వయసు కాదు కదండీ" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మాస్టారికి అన్నం సహించలేదు. గుండెల్లో ఏదో పట్టేసినట్టయితే, పక్కనున్న మందుల షాపుకు వెళ్ళి, ఛాతీ రాసుకుంటూ గ్యాసు మాత్రలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత పెద్దమ్మాయికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో ఒక ఆఫీసులో, పనిని టైముకు ఎలా పూర్తిచేయాలో సిబ్బందికి నేర్పుతుంది.

"నాన్నా, మీకు టైము లేక కాదు. ఉన్నదంతా ఊరికి పంచిపెడుతున్నారు" అంది. "రేపు ఫోను అమ్మకిచ్చేయండి. షట్టరు దించి బయట ఒక కాగితం అంటించండి. ఒకే రకం పనంతా ఒకేసారి చేసేయండి. మధ్యలో తలెత్తకండి. అంతే."

అందుకని మాస్టారు ఆ ఉదయం ఫోను భార్య బ్యాగులో వేశారు. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. ఆవిడ వెళ్ళాక చెవుల్లో దూది పెట్టుకుని, పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి షట్టరుకు అంటించి, దాన్ని కిందికి లాగి లోపలి నుంచి తాళం వేసేశారు. మర్యాదగా ఉండాలని రెండుసార్లు దిద్ది మరీ రాశారు:

"మాస్టారికి ఎక్కువ సమయం లేదు. దయచేసి పిలిచి ఇబ్బంది పెట్టవద్దు."

తొమ్మిదింటికి మందుల షాపాయన వచ్చి తన షాపు తెరుస్తూ ఆ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. నిన్న మాస్టారు ఛాతీ రాసుకుంటూ నిలబడింది కళ్ళ ముందు కదిలింది. తను గ్యాసు మాత్రలిచ్చి పంపించేశాడు. స్టూలు మీద కూర్చుని మాస్టారి నంబరుకు ఫోన్ చేశాడు. ఫోను లైబ్రరీలో, చదువుకునే గది మధ్యలో మోగింది. మాస్టారి భార్య గబుక్కున తీసి గొంతు తగ్గించింది.

"ఇక్కడ మాట్లాడకూడదండీ."

"అమ్మా, మాస్టారికి..."

"లోపలే ఉన్నారు. ఎవరినీ చూడనన్నారు."

"మీరు పక్కన లేరా?"

"ఒక్కణ్ణే వదిలెయ్యమన్నారండీ. నేనుంటే మాటల్లో పడిపోతారట."

"ఎంతసేపట్లో..."

"ఎంత లేదన్నా అయిదున్నర. ఆరింటికల్లా అంతా అయిపోవాలి."

"ఎవరు చెప్పారమ్మా అలాగని?"

"మా పెద్దమ్మాయే. ఫోన్లో చెప్పింది. ఆయన కూడా సరేనన్నారు. ఇక ఉంటానండీ, ఇక్కడందరూ నావైపే చూస్తున్నారు."

ఆవిడ గొంతు ఎందుకు తగ్గిందో ఆయన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. ఎదురుగా ఉన్న బేకరీ ఆవిడకు చెప్పాడు. ఆవిడ సెలూన్ ఆయనకు చెప్పింది. సెలూన్ ఆయన అప్పటికే ఒకాయనకు సగం గడ్డం గీసి ఉన్నాడు. ఆ ఒకాయన మిగతా సగంతో బయటికి వచ్చేశాడు. తలుపు బద్దలు కొడదామని ఎవరో అంటే, "పోయే ముందు కూడా మనిషి అడిగిన చిన్న కోరిక తీర్చలేమా? పిలవొద్దన్నాడు కదా" అని బేకరీ ఆవిడ అడ్డం నిలబడింది. ఆ మాటతో అందరూ మెత్తబడ్డారు. బేకరీ మిక్సరు ఆపేశారు. సెలూన్ రేడియో ఆపేశారు. ఇద్దరు వీధి చివర నిలబడి, వచ్చే బండ్లకు హారన్ కొట్టవద్దని చేతులతో సైగ చేయసాగారు.

లోపల మాస్టారు కాజాలు పదీ పావుకే ముగించారు. మిషను పెడల్ మీద కాలు ఆగడం లేదు. ఒక్కరు కూడా షట్టరు తట్టలేదు. దూదిలోంచి కూడా రోజూ వినిపించే మిక్సరు మోత లేదు, హారన్లు లేవు. మొత్తం ప్రపంచాన్ని అవతలికి నెట్టేసేంత ఏకాగ్రత తనకు కుదిరిందని ఆయన లోలోపల పొంగిపోయారు. కూతురి తెలివికి మురిసిపోయారు. పక్క కుట్లు మొదలుపెట్టి, భుజం దగ్గర నుంచి అడుగు అంచు దాకా జర్రున లాగి, ఒకటి పడేసి, ఇంకొకటి అందుకుంటూ పోయారు. మామూలు రోజైతే ఈపాటికి పదిమంది వచ్చేవారు. వచ్చినవాళ్ళకల్లా చేతిలో ఉన్నదాన్ని దులిపి, పైకెత్తి చూపించడం ఆయన సరదా. ఆ రోజు చూపించడానికి ఎవరూ లేరు కనుక ఆయన కూడా చూడలేదు.

నాలుగింటికి ఇరవై రెండు కోట్లూ దొంతరగా పేర్చారు. జీవితంలో మొదటిసారి కాగితం మీద గీతా, గోడమీద గడియారమూ ఒకే మాట చెప్పాయి. ఇస్త్రీకి ముందు ఒకటి తొడుక్కుని అద్దంలో చూసుకుందామనిపించింది. కోటు వీపు మీద వేసుకుని కుడి చెయ్యి పెట్టబోయారు. దారి దొరకలేదు. ఎడమ చెయ్యి పెట్టబోయారు. అదీ దొరకలేదు. వయసు మీద పడి భుజాలు బిగిశాయేమోనని గట్టిగా తోశారు. రెండు చేతులూ లోపలే ఇరుక్కున్నాయి.

అప్పుడు తెలిసింది. పోయిన వారమంతా ఒక హాస్టలుకు దిండు గలీబులు కుట్టిన చేతులు, అదే ఊపులో భుజం నుంచి అడుగు దాకా మూసేశాయి. ఒక్కదానికీ చంక లేదు. ఇరవై రెండింటికీ నలభై నాలుగు రంధ్రాలు మూతపడ్డాయి. ఉన్నది గంటన్నర.

మాస్టారు తలను గోడకేసి రాసుకుంటే ఒక చెవిలోని దూది ఊడి కిందపడింది. షట్టరు అవతల నుంచి మాటలు వినిపించాయి.

"నా ఎడమ భుజం కిందికి ఉంటుంది" అంటున్నదెవరో ఆయనకు వెంటనే తెలిసింది. బూట్లు రిపేరు చేసే బూట్లాయన. రెండేళ్ళుగా ఆయనకూ మాస్టారికీ మాటల్లేవు. గొడవ దేని గురించో ఇద్దరికీ గుర్తులేదు, మాట్లాడకూడదన్నది మాత్రం గుర్తుంది. "ఇన్నేళ్ళలో ఆ సంగతి ఈ వీధిలో ఒక్కరికైనా తెలిసిందా? తెలీదు. నా ప్రతి చొక్కాకీ ఎడమవైపు లోపల రెండు మడతల గుడ్డ పెట్టేవాడు. నేనడగలేదు. ఆయనా చెప్పలేదు. మాటలు మానేశాక మా ఆవిడతో పంపించిన చొక్కాకీ అలాగే పెట్టాడు."

ఎవరో ముక్కు చీదారు. మాస్టారు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయారు. వాళ్ళు ఎందుకేడుస్తున్నారో ఆయనకు బోధపడలేదు గాని, కళ్ళు మాత్రం చెమర్చాయి. తుడుచుకుందామంటే చేతులు లేవు.

సరిగ్గా అప్పుడే వీధిలోకి ఇద్దరు చెరో వైపు నుంచి వచ్చారు. పాట బృందాన్ని వెంటబెట్టుకుని సంగీతం టీచరమ్మ. మాస్టారి కబురు చెవిన పడి, మనిషి పోయేముందు ఒక పాటైనా వినిపిద్దామని సాధన మధ్యలో లేచి వచ్చేశారు. రెండోవైపు నుంచి పరుగెత్తుకుంటూ మాస్టారి భార్య. లైబ్రరీకి వచ్చిన ఒకాయన పుస్తకం తిరిగిస్తూ, "ధైర్యంగా ఉండమ్మా" అన్నాడట. ఎందుకని అడిగితే చెప్పాడట. ఆవిడ తన బ్యాగులోని రెండో తాళంచెవితో తాళం తీసి షట్టరు పైకి లేపింది.

ఎదురుగా మాస్టారు నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజాల నుంచి నీలం కోటు వేలాడుతోంది. చేతులు లేవు.

"పక్షవాతం" అన్నాడు మందుల షాపాయన నీరసంగా.

"ఏవండీ, చేతులేవి?" అంది భార్య.

"లోపలున్నాయి" అన్నారు మాస్టారు.

ఆ తర్వాత అయిదు నిమిషాలు అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరు ఎవరికి ఏం చెప్పారో విప్పుకుంటూ పోతే, దారం చివర ఆ కాగితం దగ్గర తేలింది. సెలూన్ ఆయన దాన్ని పీకి మరోసారి చదివి, "ఇందులో అబద్ధమైతే ఏమీ లేదు" అన్నాడు. బేకరీ ఆవిడ మాస్టారి మీద విరుచుకుపడబోయింది. ఈలోగా మాస్టారు కోట్ల దొంతర వైపు గడ్డంతో చూపించి, నెమ్మదిగా విషయం చెప్పారు. టీచరమ్మ ఒక కోటు ఎత్తి, చంక ఉండాల్సిన చోట వేలితో తడిమి చూసింది.

ముందు కదిలింది బూట్లాయన. లోపలికి వచ్చి, మాస్టారి కోటు చంక దగ్గర చిన్న కత్తి మొన పెట్టి, గుడ్డకు గీత పడకుండా కుట్టు కోసి చెయ్యి బయటికి తీశాడు. "విప్పడానికి మీరెందుకు? మీరు మిషను దగ్గర కూర్చోండి" అన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆయన మాస్టారితో అన్న మొదటి మాట అది.

మందుల షాపాయన కట్లు కత్తిరించే చిన్న కత్తెరలు తెచ్చాడు. సెలూన్ ఆయన బ్లేడ్లు పంచిపెట్టాడు. పాటవాళ్ళు అరుగు మీద, మెట్ల మీద, బేకరీ బల్లల మీద కూర్చుని ఎవరి కోటు వాళ్ళే విప్పుకున్నారు. చూపు ఆననివాళ్ళకు బేకరీ ఆవిడ టార్చిలైటు పట్టుకుంది. విప్పినదాన్ని విప్పినట్టు మాస్టారి భార్య అందిస్తుంటే, మాస్టారు అంచు మడిచి ఒక్క చుట్టు తిప్పేవారు. ఆ పక్కన సగం గడ్డపాయన ఇస్త్రీ చేశాడు. అంతసేపూ ఒక్కరి నోరు మూతపడలేదు. ఎవరి మనవడికో పళ్ళు వస్తున్నాయి, ఎవరి ఇంటి పైకప్పో కారుతోంది. మాస్టారు అన్నిటికీ సలహాలిచ్చారు, నాలుగు కోట్లకొకసారి ఒకటి దులిపి పైకెత్తి అందరికీ చూపించారు. అలా చూపించినప్పుడే ఒకదానికి కాలరు తిరగబడి ఉందని అరుగు మీది పెద్దాయన పట్టుకున్నాడు.

అయిదూ నలభైకి చివరి కోటు టీచరమ్మ చేతికి వచ్చింది. ఆరింటికి ఇరవై ఇద్దరూ వేదిక మీద నిలబడ్డారు. కింద మొదటి వరుసలో వీధి వీధంతా కూర్చుంది. వాళ్ళు పాడుతుంటే మాస్టారు పాట వినలేదు. నలభై నాలుగు చేతులూ కోట్లలోంచి బయటికి వచ్చి కదులుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నారు. ఇన్నాళ్ళూ తన టైము తినేస్తున్నారనుకున్న మనుషులు ఇటు ముగ్గురు, అటు నలుగురు. వాళ్ళకు థాంక్స్ చెప్పాలని నోరు తెరిచారు. ఎప్పుడూ లేనిది, మాట రాలేదు. పక్కనున్న బూట్లాయన భుజం మీద చెయ్యి వేశారు, ఎడమ భుజం మీద.

"రేపు పదింటికి షాపులోనే ఉంటారుగా?" అన్నాడు బూట్లాయన.

మర్నాడు పదింటికి ఆయన వచ్చాడు. ఆ పై రోజు కూడా వచ్చాడు. ఇప్పుడు రోజూ వచ్చి పదకొండు దాకా కూర్చుంటున్నాడు, ఆ గంటలో షాపులో ఒక్క కుట్టు పడడం లేదు.