పరమేశ్వర్ గారి కుడి మోకాలు

చెరుకు రైతుల కోసం తన కుడి మోకాలిని అంకితం చేస్తున్నట్టు జిల్లా పార్టీ ఉపాధ్యక్షులు పరమేశ్వర్ గారు ప్రకటించారు. ఎడమ మోకాలి సంగతి విలేకరులు అడగలేదు. ఆదివారం ఎడపల్లి నుంచి బోధన్ దాకా పాదయాత్ర.

ముందురోజు శనివారం, నిజామాబాద్‌లోని కీళ్ళ క్లినిక్‌లో ఆయన్ని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. నేను బోధన్‌లో బెల్లం వ్యాపారిని. నా కుడి మోకాలూ అరిగిందే, కాకపోతే ఎవరికీ అంకితం కాలేదు. పెద్ద డాక్టర్ శనివారం ఒక్కరోజే వస్తారు. వచ్చే శనివారానికి టోకెన్ తీసుకుందామని వెళ్ళాను.

క్లినిక్ గోడకు రూల్స్ బోర్డు ఉంది. ఒకే కీలుకు మూడు నెలల లోపు రెండో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వరు. ఇంజెక్షన్ తర్వాత రెండు రోజులు ఆ కాలికి విశ్రాంతి. ఆరు వారాల కింద ఆ బోర్డును ఆవిష్కరించింది పరమేశ్వర్ గారే. రూల్ అంటే అందరికీ రూలేనని ప్రసంగించి, లోపలికి వెళ్ళి మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నారు.

"సార్‌కు ఇంక ఆరు వారాలు ఆగాలె. కంప్యూటర్ తీసుకుంట లేదు," అంది కౌంటర్‌లో సిస్టర్ లిడియా.

"కంప్యూటర్‌కు మోకాలు కనవడ్తదా?" అన్నాడు ఆయన పీఏ ప్రశాంత్.

"పేరు కనవడ్తది."

"గంతేనా? నేనింక మోకాలనుకున్న."

ప్రశాంత్ బెంచీ వైపు చూశాడు. నా పక్కన భీమన్న ఉన్నాడు. ఎడపల్లిలో చెరుకు నరుకుతాడు. నెలరోజులు తిరిగితే ఆ రోజుకు టోకెన్ దొరికింది. తొమ్మిది రోజుల్లో నరికే ముఠా బయలుదేరుతుంది. మోకాలు వంగకపోతే ముఠాలో చోటు లేదు.

"భీమన్నా, రైతుల కోసం ఒక్క టోకెన్ ఇయ్యలేవా?"

"నేను సుత రైతుల చెరుకే నరుకుత సారు."

"ఇగ మనం మనం ఒకటే. వచ్చే శనివారం నీదే ఫస్టు."

భీమన్న టోకెన్ ఇచ్చాడు. సూది వేసేటప్పుడు మనిషిని కప్పే ఆకుపచ్చ బట్టకు మోకాలంత కంత ఉంటుంది. డాక్టర్‌కు మోకాలే కనిపిస్తుంది, కంప్యూటర్‌కు పేరే కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య నుంచి పరమేశ్వర్ గారు ఎవరికీ కనిపించకుండా సూది వేయించుకుని బయటపడ్డారు. రూల్స్ మీది గౌరవంతో, ఆ రెండు రోజుల విశ్రాంతిని భీమన్నకు అప్పగించారు.

ఆదివారం యాత్ర బ్రహ్మాండం. ముందు డప్పులు, వాటి వెనక పరమేశ్వర్ గారు. ఆయన వెనక ట్రాక్టర్‌లో మోకాలి మీద ఐసు సంచితో భీమన్న, జనానికి పంచే బెల్లంతో నేను. సూది వేయించుకున్నవాళ్ళ సంగతి కనుక్కోవడానికి లిడియా ఫోన్ చేస్తే, డప్పుల మోతకు భీమన్న స్పీకర్ పెట్టాడు.

"భీమన్నా, రెస్టుల ఉన్నవా?"

"ఉన్న బిడ్డ. దిగుతనంటే ప్రశాంత్ సారు దిగనిస్త లేడు."

"నొప్పి పదిల ఎంతుంది?"

భీమన్న తన మోకాలు చూసుకున్నాడు. ముందు డప్పులకు అడుగేస్తున్న పరమేశ్వర్ గారిని చూశాడు.

"ఎవలిది చెప్పాలె?"

"సూది ఎవలికిచ్చిన్రో వాళ్ళది."

"దునుకుతుండు బిడ్డ. ఒకటేసుకో."

లిడియా ఒకటే వేసుకుంది.

వచ్చే శనివారం రానే వచ్చింది. నేను నా టోకెన్‌తో బెంచీ మీద కూర్చున్నాను. భీమన్న అందరికన్నా ముందు కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

"నీకు పోయిన వారమే అయింది. మూడు నెలలకు రా అన్న. నొప్పి సుత ఒకటే అని ఉంది," అంది లిడియా, అతని వైపు చూడకుండా.

"గది సారు మోకాలు బిడ్డ."

"పేరు నీదుంది."

"ఎల్లుండి ముఠా పోతది," అన్నాడు భీమన్న. ఆమె తర్వాతి పేరు పిలిచింది.

అప్పుడే ఇద్దరు కార్యకర్తల భుజాల మీద చేతులేసుకుని పరమేశ్వర్ గారు వచ్చారు. మోకాలు సొరకాయంత ఉబ్బింది. పసుపు రైతుల కోసం రేపే పోచంపాడ్ నుంచి మెండోరకు పాదయాత్ర ఉందని అక్కడికక్కడే ప్రకటించారు. బెంచీ మీది వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ప్రశాంత్ చూపు బెంచీ మీద ఒక్కొక్కరినీ దాటుతూ వచ్చి నా దగ్గర ఆగింది.

"సేఠ్, మీది ఏ మోకాలు?"

"నాది భుజం," అన్నాను.

టోకెన్ జేబులో లోపలికి తోసుకుని, లేచి, తలుపు దాకా కుంటకుండా నడిచాను.