చెట్టెక్కడం ఏ కోర్సులో ఉంది?

ఒక పెద్ద అడవిలో సెల్ టవరు వచ్చిన మరుసటి ఏడే విశ్వవిద్యాలయం కూడా వచ్చేసింది. దానికి గదుల్లేవు, బెంచీల్లేవు. నలభై కోర్సులు, అన్నీ ఆన్‌లైన్లోనే. ఎవరి బొరియలో వాళ్ళు పడుకుని ఫోన్లో చదువుకోవచ్చు.

ఒక్కటే చిక్కు. కోర్సుల పేర్లు మాత్రమే అందరికీ కనబడేవి. పేరు మీద నొక్కితే "వివరాలు ఈ కోర్సు విద్యార్థులకు మాత్రమే" అని వచ్చేది. లోపల ఏం చెప్తారో, ఎవరు చెప్తారో తెలియాలంటే చేరాల్సిందే. చేరాక ఏడాదిదాకా మారడానికి వీల్లేదు.

ఆ అడవిలో అలివేలు అనే అలుగు ఉండేది. ఒంటినిండా పొలుసులు, పొడుగాటి నాలుక, భయమేస్తే బంతిలా చుట్టుకుపోయే స్వభావం. చీమలూ చెదపురుగులే ఆమె తిండి. కిందటేడు కార్చిచ్చులో నేలమీది పుట్టలన్నీ కాలిపోయాయి. మిగిలిన చీమలు చెట్లమీద ఆకులు కుట్టుకుని గూళ్ళు పెట్టుకున్నాయి. అలివేలుకి తవ్వడమే తప్ప ఎక్కడం రాదు. కిందనుంచి ఆ గూళ్ళకేసి చూస్తూ అర్ధాకలితో రోజులు లాగుతోంది.

చెట్టెక్కడం నేర్చుకుంటే బతికిపోతాననుకుని "ఉన్నత శిఖరాలకు" అనే కోర్సులో చేరింది. అది చెప్పేది నెమలి మయూరనాథం. మొదటి పాఠంలో పురి విప్పి, "ముందు మనసులో ఎక్కండి!" అన్నాడు. రెండో పాఠంలోనూ అదే అన్నాడు. ఏడాది పొడుగునా అలివేలు మనసులోనే ఎక్కింది. ఒళ్ళు మాత్రం నేలమీదే చిక్కిపోయింది.

ఈసారి నేరుగా రిజిస్ట్రారు దగ్గరికే వెళ్ళింది. ఆయన ఉడుము, పేరు పట్టయ్య. బండ నెర్రెలో ఆఫీసు. ఒక రూలు పట్టుకున్నాడంటే ఇక వదలడు.

"అయ్యా, చెట్టెక్కడం ఏ కోర్సులో చెప్తారండీ?"

"చేరితే తెలుస్తుందమ్మా."

"తెలిస్తే చేరతానండీ."

"చేరనివాళ్ళకి చెప్పకూడదు. రూలు."

"పోనీ ఏ కోర్సులో లేదో చెప్పండి. మిగిలినవి నేను చూసుకుంటాను."

పట్టయ్య కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఎక్కడ లేదో చెప్పినా వివరం చెప్పినట్టే కదమ్మా!"

మామూలుగా అయితే అలివేలు భయపడి ఇంటికి పోయేది. కానీ ఆకలి భయాన్ని మించిపోయింది. వైస్ ఛాన్సలర్ గుమ్మం ముందుకు పోయి బంతిలా చుట్టుకుని పడుకుంది.

వైస్ ఛాన్సలర్ అడవిదున్న వీరభద్రం. ఒళ్ళు పెద్దది, మనసు మెత్తన. పొద్దున్నే మేతకు బయల్దేరి కాలు తగిలి తూలాడు.

"ఈ రాయి ఎవరు పెట్టారయ్యా ఇక్కడ?"

"రాయి కాదండీ, విద్యార్థినిని. ఈ ఏడు ఇంకా చేరలేదు" అంది రాయి.

సంగతంతా విని వీరభద్రం పట్టయ్యని పిలిపించాడు. "ఇదేమిటయ్యా! హోటల్లో కూడా ఏమున్నాయో విన్నాకే కదా ఆర్డరిస్తాం? రేపటికల్లా కోర్సుల వివరాలు అందరికీ కనబడాలి."

"చిత్తం" అన్నాడు పట్టయ్య. అంత తొందరగా ఒప్పుకోవడం ఆయన చరిత్రలో లేదు. ఆఫీసుకొచ్చి కంప్యూటరు చూసే కొండముచ్చుని పిలిచాడు.

"వివరాలే కదా కావాలి వీళ్ళకి? అన్నీ పెట్టేయ్. పాఠాలు, హాజరు పట్టీలు, మీటింగుల్లో మాట్లాడుకున్నవి, వచ్చిన ఫిర్యాదులు, ఒక్కటీ వదలకు. నాలుగువేల పేజీలు! ఎవడు చదువుతాడో నేనూ చూస్తాను. వారం తిరక్కుండా, మూసేయండి బాబోయ్ అని వాళ్ళే వస్తారు."

"మీ కోర్సు కూడా పెట్టనాండీ?"

"అన్నీ అన్నానా, లేదా?"

ఎత్తు మంచిదే. కానీ ఆ మర్నాడే ముసురు పట్టింది. పదకొండు రోజులు వాన వెలవలేదు. ఎవ్వరూ బొరియ దాటలేదు. తిండి లేదు, తిరుగుడు లేదు. చేతిలో ఫోనుంది. ఏం చేస్తారు? చదివారు.

నెమలి పాఠాలు పన్నెండూ ఒకటేననీ, వెనకాల మబ్బు కూడా మారలేదనీ కుందేళ్ళు కనిపెట్టాయి. "సమయపాలన" చెప్పే గుడ్లగూబ క్లాసు పొద్దున పదింటికనీ, నాలుగేళ్ళలో ఆయన ఒక్కనాడూ లేవలేదనీ హాజరు పట్టీలో ఉంది.

తొమ్మిదో రోజున పట్టయ్య కోర్సు దొరికింది. పేరు "పట్టువిడుపులు". మొదటి పాఠం: పట్టు. రెండో పాఠం: విడుపు. దాని పక్కన "త్వరలో" అని ఉంది. ఆ మాట పెట్టి తొమ్మిదేళ్ళయింది.

ముళ్ళపంది పగలబడి నవ్వింది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఆ బొరియలోవాళ్ళు నవ్వుతూనే వానలోకి పరిగెత్తారు.

అలివేలు మాత్రం నవ్వడానికి తీరిక లేక పేజీలు తిప్పుతూనే ఉంది. మూడువేల నూట పన్నెండో పేజీ దగ్గర ఆగింది. "ప్రాథమిక శాఖీయ గమన శాస్త్రం. బోధన: కొండ ఉడుత శేషగిరి. విద్యార్థులు: లేరు." కింద పాఠాలు: గోళ్ళు ఎక్కడ ఆనించాలి. కిందికి ఎందుకు చూడకూడదు. కొమ్మ బరువు మోస్తుందా. దిగడం.

వెంటనే ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఇది చెట్టెక్కడమేనాండీ?"



"అమ్మా, నువ్వు నిజంగా విద్యార్థివేనా? ఎవరైనా ఆటపట్టిస్తున్నారా?"

"నిజంగానేనండీ. ఆకలితో ఉన్నాను."

"నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం ఖాళీ తెరకి పాఠం చెప్తున్నానమ్మా" అన్నాడు శేషగిరి. "నేను 'చెట్టెక్కుదాం రండి' అని రాసిచ్చాను. అది యూనివర్సిటీ స్థాయిలో లేదని ఆఫీసువాళ్ళు పేరు మార్చారు."

వాన వెలిసింది. అలివేలు ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. ఇరవయ్యో రోజున చింతచెట్టు రెండో కొమ్మ మీద మొదటి చీమల గూడు అందింది. నాలుక చాపింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, కొన్ని సంతోషంతో, కొన్ని చీమలు కుట్టి. కడుపునిండా తిని, తేన్చి, అప్పుడు కిందికి చూసింది.

"మాస్టారూ! నాలుగో పాఠం ఇప్పుడే చెప్పెయ్యండీ!" అని కేక పెట్టింది.

ఆ కేక విన్నవాళ్ళంతా శేషగిరి కోర్సులో చేరారు. ఎలుగుబంట్లు కూడా మర్యాదగా, మొదట్నుంచీ నేర్చుకుంటామని వచ్చాయి. పట్టయ్య చేత రెండో పాఠం చెప్పించమని వీరభద్రం ఉత్తర్వు ఇచ్చాడు. అడవంతా చూస్తుండగా పట్టయ్య బండ అంచున నిలబడి, "విడుపు అంటే ఇలా" అని గోళ్ళు వదిలి, ధబ్బున కింద గడ్డిలో పడ్డాడు. చప్పట్లు మోగాయి. దెబ్బ తగల్లేదు. పైగా అంత హాయిగా ఎప్పుడూ లేదని ఇంట్లో చెప్పాడట.

ఇంత పేరొచ్చిన కోర్సుకి తగిన హోదా ఉండాలని విశ్వవిద్యాలయం కమిటీ వేసింది. కమిటీ ఆరు నెలలు ఆలోచించి "ఊర్ధ్వాధో వృక్షసంచార సమగ్ర అధ్యయనం" అని కొత్త పేరు పెట్టింది. వివరాలన్నీ అందరికీ కనబడేలానే ఉన్నాయి. ఏ తాళమూ లేదు. మరుసటి ఏడు చేరికలు మొదలయ్యాక తొమ్మిది రోజులు ఒక్కరూ చేరలేదు.

పదో రోజున ఆ పేరు కింద ఎవరో ఒక ముక్క రాశారు: "కంగారు పడకండి, ఇది చెట్టెక్కడమే. ఇట్లు, అలివేలు, చింతచెట్టు, మూడో కొమ్మ."

సాయంత్రానికి సీట్లు నిండిపోయాయి.

నీతి: దేన్నైనా దాచిపెట్టాలంటే తాళం దేనికి, ఘనమైన పేరొకటి పెడితే చాలదూ!