గోర్డీ పోయిన గురువారం

గురువారం ఉదయం లవాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా సిబ్బంది సెలవుల లెక్క పూర్తి చేయాలి, మేనేజరు క్లేటన్‌ను శుక్రవారం సెలవు ఇంకొక్కసారి అడగాలి, ఇవ్వకపోతే మొహం మాడ్చుకుని ఇంటికి పోవాలి. శనివారం మిన్నెసోటా రాష్ట్రంలో చేపల వేట మొదలయ్యే రోజు; సరస్సు దూరం కాబట్టి ముందురోజే బయల్దేరాలి. ఆ కిటికీల ఫ్యాక్టరీలో సగం మందికి సరిగ్గా అప్పుడే జ్వరాలు వస్తాయి. ఎవరి జ్వరానికి ఎంత జీతమో సాఫ్ట్‌వేర్‌లో లెక్కగట్టేది లవాన్ ఒక్కతే కాబట్టి ఆమెకు మాత్రం ఏ ఏడూ సెలవు దొరకదు. భర్త గోర్డీ ఆమె లేకుండానే సరస్సుకు వెళ్ళి, పట్టిన చేపలకన్నా పెద్ద అబద్ధాలు మోసుకొస్తాడు.

ఇంట్లో ఎవరైనా పోతే ఇచ్చే చావు సెలవు లెక్క ఈమధ్యే మార్చారు. ముందు ప్రయోగాలకని ఉంచిన టెస్ట్ కాపీలో ఎవరో ఒకరి పేరు వేసి చూడాలి. ఇంకొకరి ఇంట్లో చావు రాయడానికి లవాన్‌కు చేయి రాలేదు. అందుకని తన పేరే వేసి, ఇవాళ్టినుంచే అని పెట్టి, పోయినవారు ‘భర్త’ అని నొక్కింది. మూడు రోజులు, పూర్తి జీతం అని వచ్చింది. భేషుగ్గా ఉందనుకుంది. తీరా అది టెస్ట్ కాపీ కాదు, అసలు సాఫ్ట్‌వేర్! అది క్షణం ఆలస్యం చేయకుండా ఫ్యాక్టరీ అంతటికీ సంతాప సందేశం పంపేసింది. లవాన్‌కు మాత్రం పంపలేదు, దుఃఖంలో ఉంది కదా అని.

ప్యాకింగ్ విభాగం మార్లిస్ కళ్ళొత్తుకుంటూ వచ్చింది.

"ఇప్పుడే తెలిసింది తల్లీ. ఎంత అన్యాయం!"

సెలవు ఇవ్వని సంగతి అప్పుడే పాకిందా అనుకుంది లవాన్. "ఏం చేస్తాం మార్లిస్? నాకిది ఏటా ఉన్నదే."

"ఏటానా?"

"అలవాటైపోయింది. ఆయన్ని మాత్రం ఆపలేదు. నేను లేకపోయినా పర్లేదు, హాయిగా వెళ్ళమన్నా."

మార్లిస్ కుర్చీ వెతుక్కుని కూలబడింది. "మరి... ఎవరు తీసుకెళ్తారు?"

"స్నేహితులున్నారుగా. ఐసు కూడా తెచ్చి పెట్టుకున్నారు."

ఆ ఊళ్ళో అంతకు మించి అడగడం అమర్యాద. మార్లిస్ వెళ్ళి, ఆవిడది గుండె కాదు బండరాయి అని అందరికీ చెప్పింది. అయినా చేయాల్సినవి చేయాలిగా! చావు ఇంటికి హాట్‌డిష్ పట్టుకెళ్ళాలి, అంటే మాంసమూ పుట్టగొడుగుల సూపూ కలిపి, పైన బంగాళాదుంపలు పేర్చి ట్రేలో కాల్చిన వంటకం. తలుపు కొట్టకూడదు. గుమ్మంలో పెట్టి రావాలి.

మధ్యాహ్నం గోర్డీ ఫోన్ చేశాడు. "ఏమోయ్, గుమ్మం నిండా ట్రేలే! మన పెళ్ళిరోజు గానీ మర్చిపోయానా?"

"ఎవరు పెట్టారు?"

"ఏమో. పాస్టరు కూడా ఒకటి తెచ్చాడు. నేను తలుపు తీసేసరికి కెవ్వుమని వదిలేశాడు. బంగారంలాంటి హాట్‌డిష్, నేలపాలు!"

లవాన్ తెర వంక చూసింది. మూలన ఎర్రగా ‘టెస్ట్’ అని ఉండాల్సిన చోట ఏమీ లేదు. సంగతి అప్పుడర్థమైంది. ఒక్క పరుగున క్లేటన్ గదిలోకి వెళ్ళింది.

"సార్, మా ఆయన బతికే ఉన్నాడు!"

క్లేటన్ జాలిగా తలూపాడు. "మొదట్లో అందరికీ అలాగే అనిపిస్తుందమ్మా."

ఆమె జరిగిందంతా చెప్పి, ఫోన్ కలిపి చేతిలో పెట్టింది. ఆ ట్రేలు తినొచ్చా అని గోర్డీ అడగడంతో క్లేటన్‌కు చెమటలు పట్టాయి.

"వెంటనే తీసెయ్! లెక్క మళ్ళీ నడుపు!"

"కుదరదు సార్. చావు సెలవులో ఉన్నవాళ్ళను సాఫ్ట్‌వేర్ లోపలికి రానివ్వదు. మంగళవారం దాకా అంతే."

"ఇంకెవరికీ రాదా?"

"ఇంకొకరికి నేర్పిద్దామంటే దండగ ఖర్చన్నారు కదా సార్."

క్లేటన్ లేచి గది తలుపు మూశాడు. "ఊరంతా మనల్ని చూసి నవ్వుతుంది. మంగళవారం దాకా ఆయన్ని ఎవరి కంటా పడనీయకు."

"సరస్సుకు తీసుకెళ్ళనా?"

"ఎక్కడికైనా తీసుకెళ్ళు తల్లీ!"

లవాన్ సంతోషం పట్టలేకపోయింది. శనివారం పడవలో గోర్డీ పక్కన కూర్చుని, తన చావు భోజనం తనే లొట్టలేసుకుంటూ తింటున్న మొగుణ్ణి చూస్తూ, ఎన్నేళ్ళకో కడుపారా నవ్వింది.

మంగళవారం ఉదయం వచ్చి భర్తను బతికించి, లెక్క మళ్ళీ నడిపింది. కారణం లేకుండా పని ఎగ్గొట్టిందని సాఫ్ట్‌వేర్ ఆ మూడు రోజుల జీతం కోసేసింది. లవాన్ కాసేపు ఆలోచించి, గోర్డీకి ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగింది.